పాత యూనోస్ రోడ్‌స్టర్‌లో ఫస్ట్, రివర్స్ గేర్లు పడడం లేదు: బాక్సు దించక తప్పదా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా చిన్నాన్నగారు ఓడల్లో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో జపాను నుంచి తెచ్చుకున్న 1991 నాటి యూనోస్ రోడ్‌స్టర్ నిరుడు నా చేతికి వచ్చింది. ఇతర దేశాల్లో మాజ్డా ఎమ్ఎక్స్-5 అన్న పేరుతో అమ్మిన కారు ఇదే: 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్ బాక్సు, రెండే సీట్లు, వెనక చక్రాల డ్రైవు. చిన్నాన్నగారు పోయిన తరవాత ఇది పలాసలో మా బంధువుల జీడిపప్పు గోదాములో ఒక మూల ఉండిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ గోదాము పైరేకులు లేపేసినప్పుడు బాగా తడిసింది కూడా. ఇంటికి తెచ్చుకున్నాక బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, టైర్లు, బ్రేకులు ఒక్కొక్కటీ సరిచేయించుకుంటూ వచ్చి ఇప్పుడు గేర్ల దగ్గర ఆగిపోయాను.

ఇంజను ఆపి ఉన్నప్పుడు ఐదు గేర్లూ, రివర్సూ ఏమాత్రం మొరాయించకుండా పడతాయి. ఇంజను స్టార్టు చేసి, కారు నిలిచి ఉండగా క్లచ్ అడుగంటా తొక్కినా ఫస్ట్ పడదు. రివర్సు వేయబోతే వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా కరకరమంటుంది. ఎలాగో కదిలించాక మూడు, నాలుగు, ఐదు కొంత బలం పెడితే పడుతున్నాయి. సెకండ్ మాత్రం తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మరీ మొండికేస్తుంది. ఏడురోడ్ల కూడలి రద్దీలో పదిహేను నిమిషాలు ఆగుతూ, కదులుతూ నడిపితే పరిస్థితి ఇంకా విషమిస్తోంది. అన్నట్టు, గేర్ రాడ్ పిడి కూడా చేతికి వేడిగా తగులుతోంది.

ఒక పెద్ద గ్యారేజీలో చూపిస్తే, గేర్ ఆయిల్ మార్చి, అయినా లాభం లేకపోయేసరికి, సింక్రోలన్నీ (గేర్ల వేగాలను కలిపే ఇత్తడి రింగులు) అరిగిపోయాయి, బాక్సు దించాల్సిందే అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం వింటే, విడిభాగాలు దొరకని కారుకు అంత ఖర్చు పెట్టి, రేపు మళ్లీ ఇదే స్థితి వస్తే ఏమిటన్న భయం పట్టుకుంది. అనుభవం ఉన్నవారు దారి చూపండి.

కోటబొమ్మాళి వాసి

మా పాత సెడాన్‌లో గేర్లు ఇలాగే ఇబ్బంది పెట్టినప్పుడు క్లచ్ ప్లేటు మార్పించాను, కుదుటపడింది. మీది కూడా ప్లేటు అరిగిపోయి ఉంటుందని నా అనుమానం. ఎటూ బాక్సు దించుతున్నారు కాబట్టి అది కూడా మార్పించేయండి.

సాలూరు ఘాట్

నాయనా, బాక్సు దించమని ఎవరికీ చెప్పకండి. నేను ముప్పయ్యేళ్లకు పైగా సాలూరులో లారీల పని చేశాను. కోరాపుట్ ఘాట్ ఎక్కి దిగే బండ్ల గేర్ బాక్సులు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. బాక్సు దించడం అనేది అన్నీ చూశాక, వేరే దారి లేదని తేలాక చేసే పనే గానీ, మొదట చేసే పని కాదు.

మీరు రాసిన వాక్యాల్లోనే సగం జవాబు ఉంది. ఇంజను ఆపి ఉండగా అన్ని గేర్లూ పడుతున్నాయంటే లోపల ఫోర్కులు, రాడ్లు, గేర్లను జరిపే సరంజామా అంతా బాగానే ఉందన్నమాట. ఇంజను తిరుగుతుంటేనే పడడం లేదంటే, మీరు క్లచ్ తొక్కినా ఇంజను తిప్పుడు బాక్సు లోపలికి ఇంకా చేరుతోందని అర్థం. క్లచ్ పూర్తిగా విడిపోవాలి, మీ దాంట్లో సగమే విడిపోతోంది. సింక్రో రింగు చేసే పని, రెండు వేర్వేరు వేగాలతో తిరిగే ముక్కలను ఒరిపిడితో ఒకే వేగానికి తేవడం. విడిపోయిన షాఫ్టును అది ఆపగలదు. తిరుగుతున్న ఇంజనునే ఆపమంటే ఆ ఇత్తడి రింగు ఎలా ఆపగలదు? అందుకే కారు నిలిచి ఉన్నప్పుడు ఫస్ట్ పడదు. ఇక రివర్సుకు పాత బాక్సుల్లో సాధారణంగా సింక్రోయే ఉండదు కనుక పళ్లు పళ్లకు తగిలి నేరుగా అరుస్తుంది.

కోటబొమ్మాళి మిత్రునికి ఒక మాట. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుపు పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు. గేరు పడకపోవడం దానికి వ్యతిరేకమైన జబ్బు. మీ సెడాన్‌కు ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటో, రిలీజ్ బేరింగో కూడా మార్చి ఉంటారు. గుణం వాటి వల్ల వచ్చి ఉంటుంది.

నాగావళి బాబూ, రూపాయి ఖర్చు లేకుండా ఈ మూడు చేసి ఫలితం ఇక్కడ రాయండి. మొదటిది, ఇంజను నడుస్తుండగా క్లచ్ అడుగంటా తొక్కి పట్టి, నిదానంగా పది లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయబోండి. పది అంకెలు గడిచాక కూడా అరిస్తే షాఫ్టు ఆగలేదని తేలినట్టే. రెండోది, క్లచ్‌ను గబగబా మూడు నాలుగుసార్లు తొక్కి వదిలి, చివరిసారి తొక్కి పట్టి ఫస్ట్ వేసి చూడండి. అప్పుడు పడితే తప్పు బాక్సులో కాదు, పెడల్ తొక్కుడును క్లచ్‌కు చేర్చే ఆయిల్ లైన్లో ఉంది. మూడోది జాగ్రత్తగా చేయాలి. ముందు యాభై అడుగులు ఖాళీ ఉన్న చోట, ఎవరూ ఎదురుగా నిలబడకుండా, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి ఫస్ట్ వేసి, క్లచ్ తొక్కి స్టార్టు చేయండి. కారు ముందుకు గుంజుతుందో లేదో చూడండి. గుంజితే వెంటనే తాళం తిప్పి ఆపేయండి.

అప్పటిదాకా కారు రోడ్డు మీదికి తీయవద్దు. సగం విడిన క్లచ్‌తో బలవంతంగా గేర్లు వేస్తూ నడిపితే, ఇప్పుడు బాగున్న సింక్రోలు కూడా నిజంగానే పాడవుతాయి.

జీడితోట (పలాస)

పెద్దవారి మాట కాదనను గానీ, నా దృష్టిలో అసలు దోషం గేర్ ఆయిల్‌ది. ముప్పయ్యేళ్ల బాక్సులో సన్నని ఆయిల్ పోస్తే పళ్ల మధ్య ఖాళీలు నిండక అరుస్తుంది. చిక్కని ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందని నా అనుభవం. ఇంతకూ ఆ గ్యారేజీవారు ఏ నంబరు ఆయిల్ పోశారో అడిగారా?

గంటస్తంభం (విజయనగరం, ప్రస్తుతం ఇంగ్లండులో)

ఈ చర్చ చూసి చాలా సంతోషించాను. మా ఊరికి నలభై మైళ్ల లోపు ఈ కారు ఒకటి ఉందని నాకు ఇంతవరకు తెలియదు. ఇక్కడ నా దగ్గర ఇదే తరం ఎమ్ఎక్స్-5 ఉంది, పదేళ్లుగా దాని పని నేనే చేసుకుంటున్నాను. 1989లో మొదలై 1997 దాకా వచ్చిన ఆ మొదటి తరం కార్లన్నిటికీ ఉన్న ప్రసిద్ధమైన బలహీనత మీరు చెప్పిన లక్షణాలతో అచ్చంగా సరిపోతోంది. అది క్లచ్ స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే కింది సిలిండర్, మన గ్యారేజీల్లో లోయర్ అని పిలిచేది. బాక్సు చాలా గట్టిది, ఈ చిన్న సిలిండర్ మాత్రం అరిగే వస్తువు కిందే లెక్క. ఎక్కువ కాలం నిలబెట్టిన కారులో అది పాడవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

బాక్సు దించడం ఈ కారులో ఇంకొక కారణం చేత కూడా తొందరపడి చేయకూడని పని. గేర్ బాక్సు వెనక భాగాన్ని డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకు తిప్పుడు పంచే గేర్ల పెట్టె) కలుపుతూ పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అనే పొడవాటి అల్యూమినియం దూలం ఉంటుంది. మామూలు కార్లలో లాగా బాక్సు వెనక అడ్డంగా ఒక మౌంటు ఉండదు. ఆ దూలం విప్పితే బాక్సు తోక కిందికి వాలుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు కొలిచి సరిగా కూర్చోబెట్టకపోతే కారంతా అదరడం మొదలవుతుంది. ఈ సంగతి తెలియని చోట బాక్సు విప్పించడం కంటే విప్పించకుండా ఉండడం మేలు.

గేర్ రాడ్ వేడి గురించి కూడా మీకు చెప్పవలసింది ఉంది, కానీ ముందు సాలూరు గారు చెప్పిన పరీక్షలు పూర్తి కానివ్వండి. రెండు జబ్బులు కలిపి చూస్తే ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

నాగావళి ఒడ్డు

ఆదివారం ఉదయం మూడూ చేశాను, మా తమ్ముడు పక్కన ఉన్నాడు.

పది లెక్కపెట్టాక కూడా రివర్సు అరిచింది. పదిహేను దాకా ఆగి చూసినా అంతే. మూడో పరీక్షలో కారు హ్యాండ్ బ్రేకు మీదే ముందుకు ఒక కుదుపు కుదిపింది, వెంటనే ఆపేశాను. రెండోది మాత్రం నాకు నమ్మశక్యం కాలేదు. నాలుగుసార్లు తొక్కి వదిలి, చివరిసారి తొక్కి పట్టి ఫస్ట్ వేస్తే, ఏడాదిగా పడని గేరు చప్పుడు లేకుండా పడింది. తొక్కి పట్టి అలాగే కూర్చుంటే అరనిమిషంలో కారు తనంతట తాను మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

గ్యారేజీవారు పోసిన ఆయిల్ ఏదని ఫోను చేసి అడిగితే, లారీలకు పోసే 140 నంబరు అన్నారు.

సాలూరు ఘాట్

తొక్కి పట్టినప్పుడు పాకిందంటే ఒత్తిడి నిలవడం లేదు, ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది. బయటికి కారి ఉండాలి, లేదా పైన, పెడల్ దగ్గర ఉన్న అప్పర్ సిలిండర్ లోపల రబ్బరు పక్కనుంచి వెనక్కి పోతూ ఉండాలి. పెడల్ రాడ్ ఇంజను వైపు గోడలోకి వెళ్లే చోట, లోపలివైపు వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి జిడ్డు తగిలితే అప్పర్ కారుతున్నట్టే. ఆ తరవాత కిందికి దిగండి. అప్పర్ పొడిగా ఉన్నా నమ్మకండి, లోపల దాటిపోయే ఆయిల్ బయటికి కనిపించదు.

గంటస్తంభం

కిందికి దిగే ముందు కారును స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ దూరవద్దు. స్లేవ్ సిలిండర్ గేర్ బాక్సు కుడివైపున రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు కుడి చక్రం తీస్తే చేయి అందుతుంది. దాని కొసకు ఉన్న నల్లని రబ్బరు తొడుగును మెల్లగా వెనక్కి ఒలిచి చూడండి. తరవాత మీ తమ్ముడిని పెడల్ తొక్కమని, రాడ్ ఎంత దూరం జరుగుతోందో స్కేలుతో కొలవండి. నా కారులో అది దాదాపు 13 మిల్లీమీటర్లు జరుగుతుంది.

నాగావళి ఒడ్డు

పైన వేలు పెట్టి చూస్తే పొడిగానే ఉంది. కింద చూసింది వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

చక్రం తీసి, టార్చి పట్టుకుని చూస్తే, సిలిండర్ కింద బాక్సు గోడ మీద ఒక చారలాగా దుమ్ము తడిసి నల్లగా అంటుకుని ఉంది. చుట్టుపక్కలంతా పొడి మట్టి, అదొక్కటే తడి. రబ్బరు తొడుగు అంచును గోటితో పైకి లేపగానే లోపల నిలవ ఉన్న ద్రవం ఒక్కసారిగా నా మణికట్టు మీదుగా మోచేతిదాకా కారింది. కాటుక కలిపిన నీళ్లలాగా ఉంది దాని రంగు, వేళ్ల మధ్య రుద్దితే సన్నని ఇసుకలాంటి పొడి తగిలింది. తమ్ముడు పెడల్ తొక్కినప్పుడు రాడ్ 8 మిల్లీమీటర్లు కదిలి, మా కళ్ల ముందే మెల్లగా వెనక్కి జరిగింది. స్కేలు మీద ఆ జరగడం చూసినప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను. ఇన్నాళ్లూ గేర్ బాక్సును అనుమానించాను, తీరా చూస్తే దోషం ఇక్కడ ఉంది.

సిలిండర్ విప్పి తీశాను. పిస్టను బయటికి తీసి చూస్తే లోపలి గోడ మీద, పిస్టను నిలబడి ఉండే చోట, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. రబ్బరు కిట్ వేస్తే సరిపోతుందా, పూర్తిగా కొత్తది కావాలా?

సాలూరు ఘాట్

గోరు అడ్డంగా గీసి చూడండి. గోటికి గుంట తగలకుండా మచ్చ మాత్రమే ఉంటే సన్నని నీటి కాగితంతో మెరుగుపెట్టి, కొలత సరిపోయే రబ్బరు వేయవచ్చు. గోటికి తగిలితే మాత్రం రబ్బరు వేసి లాభం లేదు, కొత్త రబ్బరు పెదవిని ఆ గుంటలే మళ్లీ కోసేస్తాయి. నెల రోజుల్లో ఇదే కథ.

మీ బండి ఏళ్లతరబడి గోదాములో కదలకుండా ఉంది కదా. ఈ క్లచ్ లైన్లో ఉండేది బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది, అందులోనూ మనది సముద్రపు గాలి. ఆ నీరు ఆయిల్‌లో కలిసిపోయి లైనంతటా, ఈ సిలిండర్ దాకా చేరుతుంది. పిస్టను కదలని చోట గోడను తినేస్తుంది. అందుకే వాడని బండికి కూడా రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమని నేను అందరికీ చెబుతాను.

నాగావళి ఒడ్డు

గోటికి బాగా తగులుతున్నాయి బాబాయిగారూ.

గంటస్తంభం

అయితే కొత్తదే కావాలి. మా తమ్ముడు సంక్రాంతికి విజయనగరం వస్తున్నాడు, అతని చేత పంపిస్తాను. స్లేవ్ ఒక్కటే కాకుండా పైన ఉన్న మాస్టర్ సిలిండర్ (సాలూరు గారు అప్పర్ అన్నది), రెండిటి మధ్య ఉన్న రబ్బరు గొట్టం కూడా పంపుతున్నాను. కింద కొత్తది వేసి గట్టి ఒత్తిడి రాగానే పైన ఉన్న పాతది కొద్ది నెలల్లో చేతులెత్తేయడం ఈ కార్లలో తరచూ జరుగుతుంది. ముప్పయ్యేళ్ల రబ్బరు గొట్టం తొక్కినప్పుడల్లా ఉబ్బుతుంది, రాడ్‌ను తోయవలసిన ఒత్తిడిలో కొంత ఆ ఉబ్బుకే పోతుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయవచ్చు. కొత్తగా ఉన్నప్పుడు మొదటిది 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 230 దగ్గర మరగాలని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అవి 140కి, 155కి పడిపోవచ్చు. మీరు రద్దీలో నడిపేకొద్దీ ఇబ్బంది పెరిగిందన్నారు, వేడెక్కిన కొద్దీ ఆ పాత ద్రవం, మెత్తబడిన గొట్టం రెండూ అందుకు తోడై ఉంటాయి.

బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోండి. ఆ ద్రవం పెయింటును తినేస్తుంది కనుక పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకుని, చుక్క పడిన వెంటనే కడగండి. లైన్లోని గాలి తీసేటప్పుడు పైన గిన్నెలో ద్రవం అడుగంటనివ్వకండి, అది చాలా చిన్న గిన్నె, నాలుగు తొక్కులకే ఖాళీ అవుతుంది. మాస్టర్ మార్చాక పెడల్ రాడ్‌కు కొద్దిపాటి ఖాళీ ఉంచండి. అస్సలు ఖాళీ లేకుండా బిగిస్తే ద్రవం వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోయి క్లచ్ పూర్తిగా పట్టదు, అప్పుడు సాలూరు గారు చెప్పిన జారుడు మొదలవుతుంది.

ఇక గేర్ రాడ్ వేడి సంగతి. ఈ కారులో రాడ్ నేరుగా బాక్సు తల మీద నిలబడి ఉంటుంది. దాని మొదట్లో ఉన్న గుండు ఒక చిన్న గిన్నెలాంటి చోట కూర్చుంటుంది. ఆ గిన్నెకు ప్రధాన బాక్సుతో సంబంధం లేకుండా విడిగా గేర్ ఆయిల్ పోయాలి, ఒక టీ గ్లాసు కంటే తక్కువే పడుతుంది. చాలామందికి అక్కడ ఆయిల్ ఉంటుందనే తెలియదు, అందుచేత ఎండిపోయి ఉంటుంది. దాని పైన రెండు రబ్బరు తొడుగులు ఉంటాయి, కింది తొడుగు చిరిగితే బాక్సు వేడి, మోత రెండూ సీట్ల మధ్యకు వచ్చేస్తాయి. రాడ్ చివర ఒక చిన్న నైలాన్ టోపీ ఉంటుంది, అది అరిగితే గేరు ఎక్కడ పడిందో చేతికి తెలియకుండా వదులుగా ఊగుతుంది. తొడుగు, టోపీ రెండూ పార్సిల్‌లో పెడుతున్నాను.

జీడితోట

అన్నీ సబబుగానే ఉన్నాయి గానీ, ఆయిల్ సంగతి ఎవరూ తేల్చలేదు. 140 నంబరు పోసింది తప్పేనంటారా? వాళ్లు జీఎల్-5 రకం పోశారేమో అది కూడా చూడండి, దానిలోని గంధకపు రసాయనం ఇత్తడి సింక్రోలను తినేస్తుందని చదివాను.

గంటస్తంభం

చిక్కదనం సంగతిలో తప్పేనండి. ఈ బాక్సుకు మాజ్డా చెప్పినది 75డబ్ల్యూ-90. సింక్రో రింగు గేరు కోనును పట్టుకోవాలంటే మధ్యలో ఉన్న ఆయిల్ పొర క్షణంలో పక్కకు తప్పుకోవాలి. 140 నంబరు చల్లగా ఉన్నప్పుడు అంత త్వరగా తప్పుకోదు, రింగు జారిపోతుంది. ఈయన సెకండ్ గేరు తెల్లవారుజామున మొండికేయడానికి అది ఒక కారణం. శబ్దం తగ్గుతుందన్న మీ మాట నిజమే, చిక్కని ఆయిల్ మోతను కప్పుతుంది. గేరు పడడానికి మాత్రం అడ్డుపడుతుంది.

జీఎల్-5 గురించి అంత భయం అక్కరలేదు. ఈ కారు యజమాని పుస్తకంలో జీఎల్-4, జీఎల్-5 రెండూ వాడవచ్చనే ఉంది. అయినా నేను జీఎల్-4 పోస్తాను. జీఎల్-5 డిఫరెన్షియల్ పళ్ల మధ్య వచ్చే విపరీతమైన ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని చేసినది, సింక్రోకు కావలసిన ఒరిపిడి జీఎల్-4తోనే బాగుంటుందని నా చేతికి తెలిసింది. సుమారు రెండు లీటర్లు పడుతుంది. పాత ఆయిల్ వదిలేముందు పక్కన ఉన్న నింపే బోల్టు ఊడుతుందో లేదో తప్పక చూసుకోండి. అది తుప్పుపట్టి రాకపోతే, కింద ఆయిల్ అంతా వదిలేసి పోసే దారి లేక చిక్కుకుంటారు.

నాగావళి ఒడ్డు

సంక్రాంతి సెలవుల్లో పని పూర్తి చేశాను. గంటస్తంభం గారి తమ్ముడు కనుమ నాడు స్వయంగా తెచ్చి ఇచ్చారు, వారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ముందు నింపే బోల్టు. తుప్పు వదిలే నూనె రాత్రంతా పట్టించి ఉంచితే, తెల్లారి పానాకు గొట్టం తగిలించి లాగగా ఊడింది. ఆ తరవాతే కింది బోల్టు విప్పాను. 140 నంబరు ఆయిల్ అరిసెల పాకంలాగా తీగలు తీగలుగా దిగింది, పూర్తిగా కారడానికి గంట పైన పట్టింది. బోల్టు చివర అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది గానీ, వేళ్లతో నలిపి చూస్తే ముక్కలు, పళ్లు ఏమీ తగల్లేదు.

పైన, కింద సిలిండర్లు, గొట్టం బిగించి గాలి తీశాం. మొదట ఎంత తొక్కినా పెడల్ మెత్తగానే ఉండింది. చివరికి స్లేవ్‌ను బోల్టులు విప్పి చేతిలో పట్టుకుని, రాడ్‌ను లోపలికి పూర్తిగా నొక్కితే పైన గిన్నెలో బుడగలు వచ్చాయి, రెండుసార్లు అలా చేశాక పెడల్ బిగిసింది. ఇప్పుడు రాడ్ 13 మిల్లీమీటర్లు జరిగి, ఎంతసేపు తొక్కి పట్టినా అక్కడే నిలుస్తోంది. ఫస్ట్ రెండు వేళ్లతో పడుతోంది, రివర్సు మూడు అంకెలు లెక్కపెట్టి వేస్తే చప్పుడే లేదు.

గేర్ రాడ్ కింద గిన్నె పూర్తిగా ఎండిపోయి, అడుగున ఎర్రమట్టి పేరుకుని ఉంది. కింది తొడుగు సగం చుట్టూ చీలిపోయింది. నైలాన్ టోపీ మూడు ముక్కలుగా బయటికి వచ్చింది. శుభ్రం చేసి, కొత్తవి వేసి, ఆయిల్ పోశాక రాడ్ ఊగడం ఆగింది, పిడి వేడీ తగ్గింది. నరసన్నపేట దాకా వెళ్లి వచ్చాను. చిన్నాన్నగారు నన్ను పక్క సీటులో కూర్చోబెట్టుకుని ఈ కారు నడిపినప్పుడు నాకు పన్నెండేళ్లు. మణికట్టు కదిలిస్తే చాలు గేరు మారేదని అప్పుడు చూసిన గుర్తు, నిన్న మళ్లీ అలాగే మారింది.

ఒక్కటి మిగిలింది. సెకండ్ గేరు ఇప్పుడు చాలా మెరుగే అయినా, తెల్లవారుజామున మొదటి రెండు మూడు కిలోమీటర్లలో ఫస్ట్ నుంచి సెకండ్‌కు వేగంగా లాగితే చిన్నగా గీరుతోంది. ఇంజను వేడెక్కాక పోతుంది. దీనికి బాక్సు విప్పాలా?

గంటస్తంభం

అక్కరలేదు. ఈ బాక్సులో చల్లని సెకండ్ గేరు కొద్దిగా మొండికేయడం కొత్త కారు రోజుల నుంచీ ఉన్న స్వభావమే, నా కారు కూడా అంతే. సింక్రో కొంత అరిగి ఉండవచ్చు. గేరు పడిన తరవాత బయటికి ఎగిరిపోవడం, వేడెక్కాక కూడా గీరడం లాంటివి మొదలైతే అప్పుడు ఆలోచిద్దాం. అప్పటిదాకా మొదటి కొన్ని కిలోమీటర్లు నిదానంగా మార్చండి.

సాలూరు ఘాట్

నేను చెప్పేది కూడా అదే, కాకపోతే ఒక విద్య నేర్పుతాను. మా కాలపు లారీ బాక్సుల్లో సింక్రో అనేదే ఉండేది కాదు, డ్రైవరే సింక్రో. ఫస్ట్ నుంచి సెకండ్‌కు వెళ్లేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెండి, క్లచ్ ఒక్కసారి వదలండి, మళ్లీ తొక్కి సెకండ్ వేయండి. ఆ వదిలిన అరక్షణంలో లోపలి షాఫ్టు వేగం ఇంజనుతో పాటు తగ్గి సెకండ్‌కు సరిపోతుంది, రింగు మీద భారం ఉండదు. థర్డ్ నుంచి సెకండ్‌కు దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఇంజను వేగం పెంచాలి, ఎందుకంటే కింది గేరుకు షాఫ్టు ఎక్కువ వేగంగా తిరగాలి. మొదట వారం రోజులు తడబడతారు. తరవాత చెవి దానంతట అదే చెబుతుంది. డబుల్ క్లచ్ అని మేం పిలిచేది ఇదే.

నాగావళి ఒడ్డు

నాలుగు రోజులుగా అరసవల్లి రోడ్డు మీద పొద్దున్నే సాధన చేస్తున్నాను బాబాయిగారూ. పైకి మార్చడం కుదిరింది, సెకండ్ చప్పుడు చేయడం లేదు. కిందికి దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో ఇంకా చెవికి అందడం లేదు.

కోటబొమ్మాళి వాసి

ఈ చర్చ మొదటి నుంచి చదివి, నిన్న మా సెడాన్ లోయర్ సిలిండర్ తొడుగు ఒలిచి చూశాను. లోపల తడిగా ఉంది కానీ కారడం లేదు, గేర్లు కూడా బాగానే పడుతున్నాయి. ఇప్పుడే మార్చాలా?

సాలూరు ఘాట్

తడి కనిపించిందంటే రబ్బరు పెదవి సడలడం మొదలైంది. గుడ్డతో పొడిగా తుడిచి, తొడుగు వేసి, పదిహేను రోజుల తరవాత మళ్లీ ఒలిచి చూడండి. మళ్లీ తడి ఉంటే విప్పండి, గోడ నున్నగా ఉంటే మీకు రబ్బరు కిట్‌తోనే సరిపోతుంది. ఆలోగా గిన్నెలో ఆయిల్ మట్టానికి పెన్నుతో ఒక గీత పెట్టుకోండి.